1978 సీ10: కుడి తలుపు మొదటి టిక్కు దగ్గరే ఆగిపోతోంది, ఎడమ తలుపు కుంగింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_సీ10 (డెంటన్, టెక్సాస్):

అందరికీ నమస్కారం. నా దగ్గర 1978 షెవర్లే సీ10 పికప్ ట్రక్కు ఉంది. స్క్వేర్ బాడీ (పలకలుగా ఉండే పాత మోడల్), ఎనిమిదడుగుల తొట్టి, 350 ఇంజను. రెండేళ్ళ కిందట ఇక్కడికి దగ్గర్లో ఒక రైతు పెద్దాయన దగ్గర కొన్నాను. అప్పటిదాకా పొలంలో గడ్డి మోపులు మోసిన బండి. బ్రేకులు, కార్బురేటరు, వైరింగు అన్నీ నేనే చేసుకున్నాను. తలుపుల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేయాల్సి వస్తోంది.

ముందు కుడి తలుపు సంగతి. తలుపు చుట్టూ ఉండే పాత రబ్బరు బీడింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంటే మార్చిలో కొత్తది తెప్పించి నేనే అతికించాను. అప్పట్నుంచి తలుపు గట్టిగా విసిరితే గానీ పడదు. విసిరినా ఒక్క టిక్కే వినిపిస్తుంది. స్ట్రైకర్‌ని, అంటే తలుపులోని లాచ్ (కొక్కెం) పట్టుకునే క్యాబ్ మీది బోల్టుని, కొంచెం బయటికి జరిపితే సరిపోతుందని ఒక వీడియోలో చూసి, టీ-50 టార్క్స్ బిట్‌తో వదులు చేసి జరిపాను. తలుపు మెత్తగా పడింది. బాగుందనుకున్నాను. వెనక అంచు మాత్రం క్యాబ్ కంటే రెండు క్వార్టర్ బిళ్ళల మందాన బయటికి ఉండిపోయింది.

పోయిన ఆదివారం మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 380 హైవే మీద వెళ్తూ ఎడమకి తిప్పాను. కుడి తలుపు తెరుచుకుంది. వాడికి పదేళ్ళు. బెల్టు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదు. తలుపు మాత్రం పూర్తిగా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి కొట్టుకుంది. బండి పక్కకి తీసి ఆపాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజునుంచి బండి గరాజ్‌లోంచి తియ్యలేదు.

ఎడమ తలుపుది ఇంకో రకం. తెరవగానే వెనక అంచు కిందికి దిగుతుంది. మూసేటప్పుడు చేత్తో పైకెత్తి తొయ్యాలి. దానికీ స్ట్రైకర్ కిందికి జరిపితే పోతుందా? కొత్త లాచ్‌లు కొననా? ఒక బాడీ షాపులో అడిగితే చూడకుండానే రెండు తలుపులూ మార్చేయమన్నారు. ఆ ఖర్చు నేను పెట్టలేను, పైగా ఈ తలుపుల్లో తుప్పు కూడా లేదు.

---

ఆస్టిన్_రవితేజ:

అన్నా, ఎందుకీ తలనొప్పి. ఈ బండికి కొత్త లాచ్‌లు, స్ట్రైకర్లు ఆన్‌లైన్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. రెండు వైపులా మార్చెయ్. నా 85 మోడల్‌కి నేను అదే చేశాను, ఒక్క శనివారంలో అయిపోయింది.

---

బెజవాడ_బాబాయి (కేటీ, టెక్సాస్):

గోదారి బాబూ, ముందు పిల్లాడు క్షేమం, అది చాలు. బండి బయటికి తియ్యకుండా ఆపావు చూడు, అది మంచి పని. రవితేజా, నువ్వు చెప్పింది తప్పని కాదు నాయనా. నీ బండికి మడతబందులు గట్టిగా ఉండి ఉంటాయి కాబట్టి కొత్త లాచ్ పెట్టగానే కుదిరింది. ఇతని ఎడమ తలుపు కుంగి ఉంది. కుంగిన తలుపుకి బంగారు లాచ్ పెట్టినా పడదు.

నేను బెజవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్ళు టింకరింగ్ చేశాను. అందులో సగం తలుపులు కూర్చడమే. అంబాసిడర్లు, మహీంద్రా జీపులు, మెటాడోర్లు, ఆ తరవాత మారుతీలు. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడి స్నేహితుడి షెడ్డులో మీ స్క్వేర్ బాడీలవి కూడా రెండు బండ్ల తలుపులు కూర్చాను. పేరు మారినా, దేశం మారినా పని ఒక్కటే. తలుపు బరువు మొయ్యాల్సింది మడతబందు. లాచ్ పని పట్టుకోవడం వరకే. లాచ్ చేత బరువు మోయించావంటే అది అరుగుతుంది, స్ట్రైకర్ వంగుతుంది, చివరికి నీకు జరిగిందే జరుగుతుంది. అందుకని ఎప్పుడూ మడతబందు దగ్గర మొదలుపెట్టి లాచ్ దగ్గరికి రావాలి. నువ్వు వెనకనుంచి ముందుకొచ్చావు.

ఎడమ తలుపు సగం తెరువు. వెనక అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా ఎత్తు. ఎత్తేటప్పుడు నీ కళ్ళు తలుపు మీద కాదు, మడతబందు మీద ఉండాలి. పక్కన ఇంకొకరు ఉండి టార్చి పట్టుకుంటే మరీ మంచిది. మూడింట్లో ఒకటి కనిపిస్తుంది. మడతబందు రెక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పైకీ కిందికీ ఆడితే, లోపలి పిన్నూ, దాని చుట్టూ ఉండే ఇత్తడి బుష్షులూ అరిగాయన్నమాట. మడతబందు మొత్తం క్యాబ్ స్తంభం మీద జారితే బోల్టులు వదులు. ఆ రెండూ కదలకుండా స్తంభం రేకే ఊగుతుంటే అక్కడ పగులు ఉంది, దానికి వెల్డింగే దారి. నీ బండి వయసుకి, రోజుకి వందసార్లు తెరిచి మూసిన డ్రైవరు తలుపుకి, పిన్నులూ బుష్షులే పోయి ఉంటాయని నా నమ్మకం. వాటి సెట్టు చాలా చవక. స్ట్రైకర్‌ని కిందికి జరిపి సరిపెడదామన్న ఆలోచన మాత్రం వదిలెయ్. ఈరోజు పడుతుంది, ఆరు నెలల్లో ఇంకొంచెం కుంగుతుంది, మళ్ళీ జరుపుతావు. ఎక్కడిదాకా జరుపుతావు?

కుడి తలుపుకి ఇంకో పరీక్ష. తలుపు బారుగా తెరిచి పెట్టు. అంచున లాచ్ నోరు కనిపిస్తుంది కదా, అందులో కొక్కెంలాగా తిరిగే ముక్క ఒకటుంటుంది. స్క్రూడ్రైవర్ కాడతో దాన్ని తలుపు మూసుకునే దిక్కుకి నెట్టు. ఒక టిక్కు, కొంచెం ఆగి రెండో టిక్కు. రెండూ విడివిడిగా, గట్టిగా వినిపించాలి. ఇప్పుడు బయటి హ్యాండిల్ బొత్తాం నొక్కు. కొక్కెం ఒక్కసారిగా ఎగిరి తెరుచుకోవాలి. నిద్ర లేచినట్టు మెల్లగా తెరుచుకుందా, లోపల గ్రీజు ఎండిపోయింది. పొలంలో తిరిగిన బండి అంటున్నావు, దుమ్మూ గ్రీజూ కలిసి ముద్ద కట్టి ఉంటుంది. ఒక్క మాట గుర్తుంచుకో: కొక్కెం మూసి ఉండగా పొరపాటున కూడా తలుపు వెయ్యకు. స్ట్రైకర్‌కి కొట్టుకుని రెండూ పాడవుతాయి. బొత్తాం నొక్కి తెరిచాకే వెయ్యి.

స్క్రూడ్రైవర్‌తో రెండు టిక్కులూ బాగా పడుతూ, తలుపు వేస్తే మాత్రం ఒక్కటే పడుతుంటే లాచ్ తప్పు లేదు. ఏదో అడ్డుపడుతోంది. అద్దం పూర్తిగా దించి తలుపు వేసి చూడు, ఎత్తి వేసి చూడు. దించినప్పుడు తేలిగ్గా పడితే క్యాబ్‌లో గాలి బయటికి పోవడానికి దారి లేదన్నమాట. కొత్త బీడింగ్‌తో అది మామూలే. అప్పుడు కాగితం పరీక్ష చెయ్యి. మేము పాత పేపరు చింపి వాడేవాళ్ళం, నువ్వు ఒక డాలరు నోటు తీసుకో. బీడింగ్ మీద నోటు పెట్టి, తలుపు వేసి, లాగు. అలా నాలుగు అంచులా చూసుకుంటూ పో. అన్ని చోట్లా ఒకే బిగువుతో రావాలి. ఒకచోట అసలు కదలక, ఇంకోచోట జారి వచ్చేస్తే, ఆ కదలని చోటే తలుపుని ఆపుతోంది.

స్ట్రైకర్ మీద చెయ్యి చివర వెయ్యాలి. చుట్టూ మార్కర్‌తో గీత గీసుకున్నాకే వదులు చెయ్యి. పూర్తిగా విప్పకు. స్తంభం లోపల దాని నట్టు ప్లేటు కదిలే రకం, పట్టి ఉంచే రేకు తుప్పు పట్టి ఉంటే లోపలికి పడిపోతుంది. సుత్తి పిడితో మెల్లగా తడితే కదిలేంత వదులు చాలు. ఒక్కసారికి రూపాయి బిళ్ళ మందం కంటే ఎక్కువ జరపకు. ముందు లోపలికీ బయటికీ సరిచేసి, తరవాత పైకీ కిందికీ చూడు. బొత్తాం నొక్కి పట్టుకుని తలుపు మెల్లగా దగ్గరికి తెచ్చి చూస్తే స్ట్రైకర్ లాచ్ నోట్లోకి ఎలా వెళ్తోందో తెలుస్తుంది. ఆఖరి అంగుళంలో తలుపు పైకి లేచిందా, స్ట్రైకర్ ఎత్తులో ఉంది. కిందికి దిగిందా, పల్లంలో ఉంది. లేవకుండా, దిగకుండా నేరుగా వెళ్ళాలి.

మా మేస్త్రీ దగ్గర ఎప్పుడూ ఒక కాటుక డబ్బా ఉండేది. స్ట్రైకర్ మీద చిటికెడు కాటుక రాసి తలుపు వేసి తీసేవాడు. లాచ్ ఎక్కడ తాకుతోందో ఆ నల్ల మరక చెప్పేది. మరక స్ట్రైకర్ మెడ మీద పడాలి. తల అంచు మీద పడితే లాచ్ దాన్ని కొసన పట్టుకుంటోందన్నమాట. అప్పుడు స్ట్రైకర్ అడుగున పలచటి వాషర్లు వేసో తీసో ముందుకీ వెనక్కీ సరిచెయ్యాలి. ఈ పని కళ్ళతో అంచనా వేసి చేసేవాళ్ళని చాలామందిని చూశాను. కాటుకతో చేసినవాడి తలుపే మళ్ళీ షెడ్డుకి వచ్చేది కాదు.

---

గోదారి_సీ10:

బాబాయి గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్సండి. ఇప్పుడే వెళ్ళి ఎడమ తలుపు ఎత్తి చూశాను. పై మడతబందు పిన్ను దగ్గర పైకీ కిందికీ ఆడుతోంది, కిందిది తక్కువ. మీరన్నట్టు బుష్షులే. తలుపు విప్పకుండా మార్చొచ్చా?

కుడి లాచ్ స్క్రూడ్రైవర్‌తో రెండు టిక్కులూ పడింది గానీ, రెండో టిక్కు చాలా నెమ్మదిగా పడింది. బొత్తాం నొక్కాక కూడా నిదానంగా తెరుచుకుంది.

---

ఓరుగల్లు_శైలజ (నోవై, మిచిగన్):

నేను తలుపుల లాచ్‌ల డిజైన్‌లోనే పని చేస్తాను, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. బాబాయి గారు చెప్పిన వరసే సరైన వరస. నేను ఆ రెండు టిక్కుల గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే 380 మీద జరిగింది అక్కడే ఉంది.

అమెరికాలో తలుపు తాళాలకి ఫెడరల్ ప్రమాణం 206 అని ఒకటుంది. కార్లకి 1968లో మొదలై, 1972నుంచి ట్రక్కులకీ వర్తించింది. అంటే మీ 1978 బండి ఆ లెక్క ప్రకారమే తయారైంది. దాని ప్రకారం లాచ్‌కి రెండు స్థానాలుండాలి. పూర్తిగా పడినప్పుడు అది బండి పొడవు దిశలో 2,500 పౌన్ల లాగుడుని, బయటివైపుకి 2,000 పౌన్లని తట్టుకోవాలి. మొదటి టిక్కు దగ్గర తట్టుకోవాల్సింది 1,000 పౌన్లే. తలుపు సరిగా పడలేదని తెలియక బయల్దేరినప్పుడు వెంటనే ఊడి తెరుచుకోకుండా ఉండటానికి పెట్టిన అడ్డు అది. దాని మీద ఆధారపడి నడపడానికి కాదు.

ఆ 1,000 పౌన్లు కూడా కొత్త లాచ్‌కి, శుభ్రంగా ఉన్నదానికి. లోపల ఎండిన గ్రీజు ఉంటే కొక్కేన్ని ఆపి పట్టే పల్లు పూర్తిగా దిగదు. సగం దిగి అంచు మీద నిలబడుతుంది. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది. మలుపులో బండి ఊగినప్పుడు, పైగా కొత్త బీడింగ్ లోపల్నుంచి బయటికి నెడుతున్నప్పుడు, ఆ అంచు జారిపోతుంది. మీ రెండో టిక్కు నిదానంగా పడుతోందన్నారు కదా, నా అనుమానం పూర్తిగా దాని మీదే.

అందుకని లాచ్ విప్పి కడగండి. పైనుంచి నూనె పిచికారీ చేస్తే సరిపోదు. అంచున ఉన్న మూడు స్క్రూలు చాలా బిగుసుకుని ఉంటాయి, మామూలు స్క్రూడ్రైవర్‌తో తలలు అరగ్గొట్టుకోకండి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. లోపల కడ్డీలకి ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు ఇన్నేళ్ళకి పెళుసెక్కి విరుగుతాయి, ముందే కొత్తవి తెచ్చి పెట్టుకోండి. కడిగి పూర్తిగా ఆరాక తెల్ల లిథియం గ్రీజు పలచగా రాయండి. కడిగాక కూడా స్ప్రింగు నీరసంగా ఉన్నా, పల్లు మూలలు గుండ్రంగా అరిగినా అప్పుడు రవితేజ గారన్నట్టు కొత్తది వేసేయండి. అక్కడ పొదుపు వద్దు. స్ట్రైకర్ బదులు హార్డ్‌వేర్ షాపు బోల్టు మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

---

బెజవాడ_బాబాయి:

శైలజమ్మా, ఆ పౌన్ల లెక్క నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. మాకు రెండో టిక్కు వినపడకపోతే బండి షెడ్డు గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

గోదారి బాబూ, తలుపు విప్పకుండా బుష్షులు మార్చొచ్చు. సందు ఇరుకు, ఓపిక కావాలి. ముందు స్ట్రైకర్ తీసెయ్, తలుపు దాని మీద ఆనకూడదు. ఇందాక పూర్తిగా విప్పొద్దన్నాను కదా, ఇక్కడ తప్పదు. చుట్టూ గీత గీసి, నట్టు ప్లేటు గట్టిగా ఉందో లేదో చూసుకుని మరీ తియ్యి. వెనక అంచు కింద జాకీ పెట్టి, దాని మీద చెక్క, చెక్క మీద పాత దుప్పటి మడిచి వెయ్యి. తలుపు బరువు జాకీ మీదికి వచ్చేదాకా ఎత్తు, అంతకంటే ఒక్క గీత కూడా ఎక్కువ వద్దు. పక్కన ఒక మనిషి తలుపు పట్టుకుని నిలబడాలి, ఇది ఒంటరిగా చేసే పని కాదు. ఒక మడతబందు పిన్ను తీసి, బుష్షులు మార్చి, పిన్ను వేశాకే రెండోదాని జోలికి వెళ్ళు. రెండూ ఒకేసారి తీశావంటే తలుపు నీ కాళ్ళ మీద ఉంటుంది. కొత్త బుష్షు వేసేముందు ఆ రంధ్రంలో వేలు పెట్టి చూడు. గుండ్రంగా ఉంటే సరే. కోడిగుడ్డులా సాగి ఉంటే బుష్షు నిలవదు, మడతబందే మార్చాలి.

---

గోదారి_సీ10 (రెండు వారాల తరవాత):

రెండు శనివారాలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఇదే బండి ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది.

ఎడమ తలుపు: పై పిన్ను బయటికి తీసి గోటితో గీకితే గాడి తగిలింది, గోరు అందులో ఆగింది. ఇత్తడి బుష్షు ఒకవైపు కాగితంలా పలచబడి ఉంది. రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి. మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది, నేను కొట్టాను. స్ట్రైకర్ తిరిగి బిగించకముందే తలుపు వేసి చూస్తే క్యాబ్ గీతతో తలుపు గీత కలిసిపోయింది. స్ట్రైకర్‌ని పాత గీతల్లోనే పెట్టాను, జరపాల్సిన పనే పడలేదు. ఇప్పుడు ఒక వేలితో నెడితే పడుతోంది.

కుడి తలుపు: లోపలి ప్యానెల్ తీయడానికి అద్దం తిప్పే హ్యాండిల్ వెనకున్న క్లిప్పు కోసం చాలాసేపు తంటాలు పడ్డాను. చివరికి పాత గుడ్డ హ్యాండిల్ వెనక దోపి, అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరొచ్చింది. లోపల చూస్తే లాచ్ పక్కన కందిరీగ కట్టిన మట్టి గూడు, నా పిడికిలంత ఉంది. ఆ మట్టి రాలి రాలి గ్రీజులో కలిసింది. లాచ్ తీసి చూస్తే ఎండిన బెల్లం పాకంలా నల్లగా గడ్డకట్టి ఉంది. రెండుసార్లు కిరసనాయిల్లో నానబెట్టి పళ్ళు తోమే బ్రష్షుతో కడిగాను. శైలజ గారూ, పల్లు మూలలు పదునుగానే ఉన్నాయి, ఫొటోలు మీకు పంపాను. కడిగాక రెండో టిక్కు ఎంత గట్టిగా వినపడిందంటే వంటింట్లోంచి మా ఆవిడ ఏం విరిగిందని అడిగింది.

బీడింగ్ తప్పు నాదే. కింది వెనక మూలలో డాలరు నోటు అసలు కదల్లేదు. అక్కడ రెండు కొసలూ కలిసే చోట అంగుళం మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించాను. కోసి కొసకి కొస ఆనించాను. స్ట్రైకర్‌ని మళ్ళీ లోపలికి జరిపాను. మావాడు వాళ్ళమ్మ కాటుక తెచ్చిచ్చాడు. మొదటిసారి మరక తల అంచు మీద పడింది. పలచటి వాషరు ఒకటి వేశాక మెడ మీదికి వచ్చింది. వెనక అంచు క్యాబ్‌తో సమంగా ఉంది. నిన్న ఖాళీ బండి ఒక్కణ్ణే 380 మీద అదే మలుపులో మూడుసార్లు తిప్పాను. ఈరోజు వాణ్ణి ఎక్కించుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. బండి కడిగిన మర్నాడు తలుపు ఊపితే అడుగున నీళ్ళ చప్పుడు వస్తోంది. లోపలికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

---

బెజవాడ_బాబాయి:

అద్దం పక్కనుంచి నీళ్ళు దిగడం మామూలే బాబూ, అవి కిందికి పోవాలి. తలుపు అడుగు అంచున పొడుగాటి చిల్లులుంటాయి. ఆ పురుగు గూడు మట్టి రాలి అవి పూడుకుపోయి ఉంటాయి. ఒక తీగ ముక్క పెట్టి కెలుకు, లోపల్నుంచి పైపుతో నీళ్ళు కొట్టు. ఇన్నాళ్ళూ తుప్పు పట్టలేదంటే అవి పూడింది ఈమధ్యే. ఈరోజే చెయ్యి.